మీటింగుకి ముందు మీసం సంగతి

ఏవండీ,

మూడింటికి కుట్టుపనివాళ్లతో వీడియో మీటింగ్. ఈసారి కిటికీకి వీపు పెట్టి కూర్చోకండి, ముఖం మసిగుడ్డలా కనిపిస్తోంది. కటింగ్ మాస్టారికి వినపడదు, పెదాలు చూసే అర్థం చేసుకుంటారు. మీ పెదాలేమో మీసం చాటున కాపురం ఉన్నాయి. పోయినవారం మీరు కాలర్లు వద్దంటే, పాపం ఆయన తల ఊపి నలభై చొక్కాలకీ కాలర్లు కోసిపెట్టారు. మీరు అందరి ముందూ అరిచారు. ఆ అరుపు మాత్రం ఆయనకి బాగానే అర్థమైంది. నాకు సిగ్గేసింది.

కత్తెర అద్దం దగ్గర పెట్టాను. పైపెదవి కనిపించేలా కత్తిరించుకోండి. ఒకరి తర్వాత ఒకరే మాట్లాడమని అందరికీ చెప్పండి. ముందు మాస్టారికి క్షమాపణ చెప్పండి, నీళ్లు నమలకుండా.

అన్నట్టు, మీసం పోతే అందం పోతుందని బెంగపడకండి. నేను మిమ్మల్ని ఇష్టపడేనాటికి అది ఇంకా మొలవనేలేదు.