గడువు తీరిన సెలవు చీటీ

మన దేవుడమ్మ నాన్నకు,

నువ్వు పోయాక నీ ఉద్యోగం నాకిచ్చారు. ముంచింగిపుట్టు మండలాఫీసు రికార్డు గదిలో ఇప్పుడు నీ కుర్చీలోనే కూర్చుంటున్నాను. వానలకు ముందు నువ్వు చేసినట్టే ఈ వారం కాగితాల కట్టలన్నీ విప్పాం. భూమి కాగితాలు ఎప్పటికీ ఉండాల్సినవి కనుక బీరువాలోకి వెళ్లాయి. గడువు తీరినవి చింపి బస్తాల్లో వేస్తున్నాం. పురుగు పట్టకుండా నువ్వు మధ్య మధ్య పెట్టిన వస కొమ్ములు ఇంకా వాసన వేస్తున్నాయి.

ఇవాళ సెలవు చీటీల కట్టలో నీది ఒకటి వచ్చింది. కారణం దగ్గర 'భార్యకు మలేరియా' అని రాశావు. ఆ రోజు నాకోసం నువ్వు కాచిన అంబలి అడుగంటింది.

అటెండరు సోములమ్మ నా చేతిలోకి తొంగి చూసింది.

"అన్న రాతే కదేటి. దాసీసుకో వదినా, ఎవులడుగుతారు?"

"గడువు తీరిపోనాది. ఆయనుంటే ముందు దీన్నే సింపేవోడు."

"సచ్చినా రూలు వొగ్గడేటి మా అన్న."

ఇద్దరం నవ్వాం. తర్వాత ఆ చీటీ చింపి బస్తాలో వేశాను. ఆ పాత కట్టలోని వస కొమ్ము మాత్రం ఈ ఏటి సెలవు చీటీల కొత్త కట్టలో పెట్టాను.

రేపటికి నువ్వు పోయి ఏడాది. నేనూ సెలవు చీటీ రాసి ఆ కొత్త కట్టలోనే ఉంచాను. కారణం దగ్గర 'సొంత పని' అని రాశాను. గడువు తీరాక అదీ బస్తాలోకే వెళ్తుంది. ఆ రాత ఎవరిదో చింపేవాళ్లకు తెలియకపోవచ్చు.