నొప్పి లేని క్యాంప్

2007 మే 6

మా లేబర్ క్యాంప్‌లో ఇక్రాముద్దీన్ పాదంలో మేకు దిగింది. మల్లన్న ఆ పాదం పట్టుకుని కాసేపు కళ్ళు మూసుకున్నాడు. నొప్పి పోయింది. మేకు అలాగే ఉంది. ఇక్రాముద్దీన్ ఆ మేకుతోనే నడిచి డ్యూటీ బస్సెక్కాడు.

మే 9

మల్లన్న సైట్‌లో ఇనుప చువ్వలు కడతాడు. ఇప్పుడు క్యాంప్‌లో అతని మంచం ముందు లైను. రోజురోజుకూ లావెక్కుతున్నాడు. తిండి దగ్గర, ఎవలికన్న నొస్తున్నదా అని ఒక్కొక్కరినీ అడుగుతున్నాడు. ఆకలిగొన్నవాడిలా అడుగుతున్నాడు.

ఫోర్‌మన్ ఫసీయుద్దీన్ ఖుషీగా ఉన్నాడు. నేను రాసే హాజరు పుస్తకంలో సిక్ గడి ఖాళీ. నేను పెద్దగా చదువుకోలేదు. అయినా ఖాళీ గడిని చదవగలను.

మే 12

నా భార్య గంగామణి తమ్ముడు జలంధర్‌కు కడుపునొప్పి. సిక్ రాస్తానంటే, ఫోర్‌మన్ తిడ్తడు బావా, వద్దన్నాడు. నేనే మల్లన్న దగ్గరికి తీసుకెళ్ళాను.

మల్లన్న వాడి పొట్ట మీద పెట్టిన చేయి చాలాసేపు తీయలేదు.

మే 14

జలంధర్ ఒళ్ళు కాలుతోంది. పొట్ట చెక్కలా బిగుసుకుంది. క్లినిక్‌కు లాక్కెళ్ళాను. డాక్టర్ నొక్కి, దర్ద్ ఎక్కడ అన్నాడు. వీడు నవ్వి, ఎక్కడా లేదు సార్, మా బావకు భయం జర ఎక్కువ అన్నాడు. డాక్టర్ జ్వరం మాత్రలిచ్చి, పనికి ఫిట్ అని రాశాడు.

ఆ స్లిప్ ఫోర్‌మన్‌కు అందించింది నేనే.

మే 15

జలంధర్ పోయాడు. బస్సులో. ఒళ్ళో టిఫిన్ డబ్బా. పక్కవాడు నిద్రపోతున్నాడనుకున్నాడు.

మే 16

గుండెపోటని రాసి సంతకం పెట్టమంటున్నాడు ఫసీయుద్దీన్. ఖలాస్ భాయ్, పోయినోడు మళ్ళ వస్తడా అంటున్నాడు. పెట్టను. రేపు పోలీసులకు జరిగింది జరిగినట్టు చెబుతాను.

మల్లన్న కాలర్ పట్టుకున్నాను. లోపల కుళ్ళుతుంటే ఎందుకు కప్పిపెట్టావన్నాను. నేను నొప్పి తీస్త, రోగం తియ్యనని ముందుగాలనే చెప్పిన గదనే అన్నాడు. చెప్పాడు. అందరం విన్నాం. అదే నన్ను కాల్చేస్తోంది.

నా ఛాతీ వంక చూశాడు. నీకు శాన నొస్తున్నదే అన్నా, అన్నాడు. పెదవులు తడుపుకున్నాడు.

తోసేసి వచ్చాను. గంగామణికి ఏ నోటితో చెప్పను? ఈ కోపమొక్కటే మిగిలింది. రేపు స్టేషన్ దాకా ఇది ఉంటే చాలు.

మే 17

మెలకువ వచ్చేసరికి మల్లన్న నా మంచం మీద ఉన్నాడు. అతని చేయి నా ఛాతీ మీద ఉంది. బాగా నిద్రపట్టింది.

గుండెపోటని రాశాను. సంతకం పెట్టాను. సిక్ ఎవరూ లేరు.

జలంధర్ పోయాడని ఊరికి ఫోన్ చేసి చెబితే గంగామణి ఒకటే ఏడుపు. ఎందుకని అడిగాను.