మిషను ఆపి విన్న మాట

మఠంలో ఉన్న అక్కకు తమ్ముడు ప్రేమతో రాసేది.

తపస్సుకాలం ఎలా గడుస్తోందని అడిగావు. పాపసంకీర్తనంలో నా పాపాలు ఒప్పుకున్నాక నేను గొప్పగా, "ఈస్టరు దాకా నలభై రోజులూ ఒంటిపూటే తింటాను ఫాదర్" అన్నాను. ఆయన నవ్వి, "తినవయ్యా. మీ ఆవిడ మాట్లాడుతుంటే మాత్రం చివరిదాకా విను. అదే నీ ప్రాయశ్చిత్తం" అన్నారు. నా సంగతి నీకు తెలుసుగా. ఆవిడ నోరు తెరిస్తే చాలు, కుట్టుమిషను గడగడా తొక్కేవాణ్ణి.

దీనికంటే కటిక ఉపవాసమే నయం అక్కా! మొదటి వారమంతా పళ్లు బిగబట్టి, మనసులో జపమాల చెప్పుకుంటూ విన్నాను. అదీ ఒక వినడమేనా? నిన్న మాత్రం మిషను మీంచి కాళ్లు తీసి, ఆవిడ వైపు తిరిగి కూర్చున్నాను. చొక్కాలకు గుండీలు కుడుతూ నన్ను ఏకిపారేసింది. చివర్లో గొంతు తగ్గించి, "ఎంతైనా మనిషి బంగారం. చల్లగా చూడు ప్రభువా" అంది.

"ఇదేంటి కొత్తగా?" అన్నాను.

"కొత్తేముంది? ఇరవై ఏళ్లుగా రోజూ అనేదేగా" అంది.

నాకోసం ప్రార్థించమని ఏటా నీకు రాస్తూ వచ్చాను, చూడు!

ఇదుగో, వంటింట్లోంచి మళ్లీ మొదలుపెట్టింది. ఉత్తరం సగంలో ఆపేస్తున్నాను, ఏమనుకోకు.

నీ తమ్ముడు