పచ్చగింజ చుట్టూ గీత

1936 ఫిబ్రవరి 3, సోమవారం

ఈయన వ్యాసానికి నేను గీసిన బొమ్మ మళ్ళీ తిరిగొచ్చింది. ఈసారి ఎర్ర పెన్సిలు గుర్తుతో. ఈయన కాలేజీ నుంచి వస్తూనే బల్ల మీద పడేసి, "ఆ గీత తీసెయ్యమన్నారు" అన్నారు. అన్నది వాళ్ళ పెద్ద లెక్చరరు గారు. "మీ ఇంట్లోవాళ్ళకి ముగ్గుల అలవాటు కాబోలు, చుక్క కనిపిస్తే చాలు, చుట్టూ గీత చుట్టేస్తున్నారు" అని నవ్వారట. ఈయనా నవ్వారట! ఒళ్ళు మండిపోయింది.

ఫిబ్రవరి 4

రబ్బరు కనపడలేదన్నాను. నా పెట్టెలోనే ఉంది.

ఫిబ్రవరి 5

నేనేమైనా గాలిలోంచి గీశానా? సముద్రంలో రాళ్ళకు అంటుకుని పువ్వులా విచ్చుకునే ఆ జంతువు ఒంట్లోంచి తీసిన పిసరు అది. ఈయన కాలేజీ నుంచి తెచ్చిన మైక్రోస్కోపు కింద ఒక్కొక్క కణంలో పచ్చటి నాచుగింజ. గింజ చుట్టూ సన్నటి గీత... జంతువు కప్పిన పొర. పుస్తకంలో బొమ్మకు ఆ గీత లేదట. అయితే పుస్తకం బొమ్మే పంపుకోండి, నన్నెందుకు గీయమన్నారు? గుడివాడలో నాన్న డ్రాయింగు మాస్టరు. కనపడనిది గీస్తే వేళ్ళ మీద స్కేలు. కనపడింది వదిలేసినా స్కేలే.

అయినా పొద్దున ముగ్గు వేస్తుంటే చెయ్యి ఆగింది. నిజంగా అలవాటేనా? ఈ అనుమానం నాకు అంటించినందుకు ఇంకా కోపం.

ఫిబ్రవరి 6

చేపలమ్మే నాగమ్మ గిలకలదిండి రేవు నుంచి సముద్రపు నీళ్ళ బిందె తెచ్చింది. చేపల గంప దించి, నేను పదిహేను రోజులుగా చీకటి మూల ఉంచిన సీసాలో ఆ జంతువును చూసి, "ఇదేంటమ్మగారూ, తెల్లగా పాలిపోయిందీ? ఎండ తగలకపోతే బతకదండి" అంది. ఎండ కావలసింది జంతువుకు కాదు, లోపలి నాచుకు. నాచు వండుతుంది, జంతువు తింటుంది — నాకు తోచింది ఇదే. మరి నేను మేతగా వేసిన రొయ్యముక్కా, నాచూ, రెండూ ఒకే నోట మింగినవే. రొయ్య కరిగిపోయింది. నాచు కరగలేదు. ఎందుకు? సంగతంతా ఆ గీత దగ్గరే ఉంది. దాన్నే తీసెయ్యమంటున్నారు!

నాగమ్మను మైక్రోస్కోపులో చూడమన్నాను. గీత మాట ఎత్తలేదు. చాలాసేపు చూసి, "గింజకి పొరుందండి. చేపగుడ్డుకున్నట్టు" అంది.

కౌగిలించుకోవాలనిపించింది.

ఫిబ్రవరి 7

ఈయనతో చెప్పాను. "చేపలమ్మే మనిషి చెప్తే సైన్సా?" ఆవిడ చూసింది, మీరు చూడలేదు — అనేశాను. "రేపు బొమ్మ అచ్చుకు మద్రాసు వెళ్ళాలి. నా ఉద్యోగం ఖాయం కావాలంటే పెద్ద లెక్చరరు గారి సంతకం కావాలి. ఒక్క గీతే కదే..." జాలేసింది. కోపం మాత్రం తగ్గలేదు.

ఫిబ్రవరి 8, పొద్దున

నేను అడక్కుండానే మైక్రోస్కోపు ముందు కూర్చున్నారు. కిటికీ వెలుతురుకు అద్దం తిప్పుకున్నారు. చాలాసేపు. తలెత్తి, "ఉంది" అన్నారు. లేచి నిలబడి — "అయినా తీసెయ్."

చూడకముందు అంటే వేరు. చూసి అన్నారు!

రబ్బరు పెట్టెలోంచి తీసి బొమ్మ మీద పెట్టాను. "నాకు చెయ్యి రాదు. మీరే తీసెయ్యండి."

అదే రోజు, పదకొండు గంటలకు

వంటింట్లోంచి వచ్చేసరికి వెళ్ళిపోయారు. బొమ్మ లేదు. బల్ల మీద రబ్బరు పొడి లేదు. రబ్బరూ లేదు. ఇంట్లోనైతే చెరపలేదు.