కనకమ్మ సత్రం దాటాక వచ్చే వంపు

వేలూ,

ఎలా ఉన్నావురా అని అడగలేను కదా... అయినా అడుగుతున్నాను. నువ్వు పోయి ఏడాది దాటింది. మొదటి తిథి కూడా పెట్టేశాం. కాకి ఎంతకీ రాలేదు. అదీ నీలాగే, పిలిస్తే పలకదు.

నేను మణవాళనగర్ నుంచి తిరుత్తణిలో మన ఇంటికి ఎప్పటిలాగే రైల్లోనే వస్తున్నాను. బస్సెక్కితే ఆ వంపు చూడాలి. కనకమ్మ సత్రం దాటాక, నీ బండి పడిన వంపు. ఎదురుగా ఏ బండీ రాలేదట, ఎవరూ గుద్దలేదట. అందుకే చావుకొచ్చిన వాళ్ళంతా ఒకటే మాట అన్నారు, కంప్యూటర్ ఆటలో తోలినట్టు తోలి ఉంటాడని. నేను నమ్మలేదు... మొదట్లో.

తర్వాత నీ కంప్యూటర్ తెరిచాను.

మన చిన్నప్పటి కార్ల ఆట ఇంకా ఉంది దాంట్లో. తలకిందులుగా తిరిగే రోడ్డు, తెగిన వంతెన మీంచి గెంతే కారు, గుద్దుకుంటే ముందద్దం మీద పడే పగుళ్ళు... ఫోన్లలో ఎన్ని కొత్త ఆటలు వచ్చినా నువ్వు దీన్ని వదల్లేదు. "అవన్నీ దీని పిల్లకాయలేక్కా. వాట్లో వాళ్ళేసిన రోడ్డులో మనం పోవాల. దీంట్లో రోడ్డు మనమే వేసుకుంటాం" అనేవాడివి.

నువ్వు వేసిన రోడ్డు కూడా ఉంది. "ఇది మన రోడ్డేక్కా, తిరువళ్ళూరు నుంచి తిరుత్తణి దాకా గీసినాను" అని ఎంత మురిసిపోయావు! దాని మీద నువ్వు తోలినదంతా ఆ ఆట దాచిపెట్టుకుంది. మీట నొక్కితే నీ కారు బయలుదేరుతుంది. లోపల ఎవరూ కనబడరు. కానీ తోలేది నువ్వే... గేరు మార్చడంలో ఆ తొందర, వంపు ముందు కాస్త పక్కకు జరగడం, నీ బండి వెనక కూర్చున్న నాకు తెలియదా? ఇంజను చప్పుడు వినగానే అమ్మ వంటింట్లోంచి వచ్చి గడప దగ్గర నిలబడేది. ఎలా ఆపమంటావు చెప్పు?

సత్రం దాటాక వంపు వచ్చేది. నువ్వు బ్రేకు వేయలేదు. ఇంకో రోజు తోలింది పెట్టి చూశాను. అందులోనూ వేయలేదు.

అంటే ఆ సాయంత్రం కూడా అలాగే తోలావా? ఒక్క క్షణం అమ్మ గుర్తు రాలేదా?

ఒళ్ళు మండిపోయింది రా. నీ ఫోటోకు పూలు పెట్టడం మానేశాను. ఎక్కడో చలిదేశంలో ఒకాయన నువ్వు నెట్‌లో పెట్టిన నీ రోడ్డు మీద ఇప్పటికీ పందేలు ఆడుతున్నాడట. ఆ వంపు భలే ఉంది, ఇంకో రోడ్డు ఎప్పుడు వేస్తావని నీకు మెయిల్ పెట్టాడు. ఏం రాయను ఆయనకు? మా తమ్ముడు అక్కడే పోయాడని టైపు చేశాను, చెరిపేశాను.

మొన్న ఆదివారం నాయన మగ్గం దిగి వచ్చి నా వెనక నిలబడ్డాడు. నీ ఆట వైపు ఏనాడూ కన్నెత్తి చూడని మనిషి. రోడ్డంతా పైనుంచి కనబడే బొమ్మ పెట్టి ఉన్నాను. గళ్ళు గళ్ళుగా ఉంటుంది కదా, నాయన చీర అంచులకు పువ్వులు గీసే కాగితంలాగే. చూడగానే సత్రం దగ్గర వేలు పెట్టి, ఈ పక్కదే ఆ పక్క తిరగేసి ఉందన్నాడు. మనం అంచు పువ్వును సగమే గీస్తాం, మిగతా సగం మగ్గం తిరగేసి నేస్తుంది, వీడూ అదే చేశాడన్నాడు.

గడి గడీ పోల్చి చూశాను. నిజమే. తిరువళ్ళూరు నుంచి సత్రం దాకా ఒళ్ళు దగ్గర పెట్టుకుని గీశావు. అక్కడ బద్ధకం వచ్చింది, నేతగాడి కొడుకువి కదా, తిప్పి వేసేశావు! నేను ఇన్నాళ్ళూ రెప్ప వేయకుండా చూసింది సత్రానికి ముందే, తిరువళ్ళూరు వైపు పొలాల మధ్య ఉన్న వెడల్పాటి వంపునట, తిరగేసి. నూలు కోసం ఏళ్ళ తరబడి సైకిల్ మీద ఆ దారిన తిరిగిన నాయన చెప్పాడు. అక్కడ బ్రేకు ఎవడు వేస్తాడు? నువ్వు పడిన వంపును నువ్వసలు గీయనే లేదు.

నవ్వొచ్చింది. నాయన కూడా నవ్వాడు, నవ్వుతూనే ముఖం తిప్పుకున్నాడు.

మరి ఆ సాయంత్రం ఏమైందిరా? కుక్క అడ్డం వచ్చిందా? రోడ్డు మీద ఇసుక ఉందా? బ్రేకు వేశావా, అది పట్టలేదా? నాకు తెలియదు... ఇక తెలియబోదు కూడా. కోపం ఉన్నన్నాళ్ళూ నువ్వు నా ఎదురుగానే ఉన్నావు, రోజూ పోట్లాడుకున్నాం. కోపం పోయాక ఇల్లంతా ఖాళీగా ఉంది.

ఆ సగం రోడ్డు సరిగ్గా గీసి పెట్టనా అని నాయనను అడిగాను. వద్దని తల ఊపాడు. నేనూ గీయను, ఎవరినీ గీయనివ్వను. నీ రోడ్డులో ఆ వంపు లేదు వేలూ. సత్రం దాటాక నువ్వు నేరుగా ఇంటికొచ్చేస్తావు.

మీ అక్క