నిన్ను కాల్చిన చోటు

అన్నా,

నేనుంటున్న ఈ పరదేశపు ఊరు ఇన్వర్‌కార్గిల్‌లో మా పక్కింటి మోరీన్‌ది ఐర్లండ్ వంశం. రెండు వందల ఏళ్ల కిందట ఐర్లండ్‌లో ఒక మైదానంలో తిరుగుబాటుదారులు లొంగిపోయి ఆయుధాలు అప్పగిస్తుంటే, సైనికులు వాళ్లను ఊచకోత కోశారు. పోయినవాళ్లలో మోరీన్ పూర్వీకుడొకాయన ఉన్నాడు. మొన్న ఆమె ఆ మైదానానికి వెళ్లొచ్చింది. తాను పువ్వులు పెట్టిన చోటును ఇవాళ ఫొటోలో చూపించింది.

జాలిపడాల్సింది పోయి నాకు అసూయ పుట్టింది. నువ్వూ దళం వదిలి, చేతులెత్తి వచ్చాకే పోలీసులు నిన్ను కాల్చారు. పేపర్లో ఎదురుకాల్పులని రాశారు. నీ శవాన్ని కూడా మాకివ్వలేదు. ఇక్కడ ఎవరడిగినా యాక్సిడెంట్‌లో పోయాడనే చెబుతూ వచ్చాను.

ఇవాళ మాత్రం నోరు ఆగలేదు.

"మా అన్ననూ ఇట్లనే చంపేశారు, మోరీన్."

ఆమె నా చెయ్యి పట్టుకుంది. "ఎక్కడ?" అని అడిగింది.

"అడవిలో" అన్నాను. అంతకు మించి నాకు తెలియదు, అన్నా.

నీ చెల్లి