మినోరి అట్టముక్క

మే 27

కుసకబే షాపుకు వెళ్ళి వచ్చాను. మినోరి సామాను తీసుకెళ్ళమని నెల రోజులుగా ఒకటే ఫోన్లు. పాటల సీడీలు అమ్మే షాపు అది. మా అమ్మాయి ఎనిమిదేళ్ళు అక్కడే పని చేసింది. మార్చిలో ఆ కౌంటర్ వెనకే పడిపోయింది. తలలో నరం చిట్లిందన్నారు. దాని గురించి ఇంతకన్నా రాయను.

సంచీలో పెట్టి ఇచ్చాడు. స్వెట్టర్, టీ కప్పు, ఒక జత చెప్పులు. ఇంకేమైనా ఉందా అంటే లేదన్నాడు. అబద్ధం. కిటికీ పక్క షెల్ఫులో దాని చేతిరాత కనబడుతూనే ఉంది.

ఆ షాపులో తమకు నచ్చిన సీడీని ఎందుకు కొనాలో ఒక అట్టముక్క మీద రాసి దాని ముందు నిలబెడతారు. మినోరి బోలెడు రాసింది. సీడీలు అమ్ముడవగానే అట్టలు చెత్తబుట్టలోకి పోయాయట. ఒక్కటే మిగిలింది. ఉరబే సయో అనే అమ్మాయి రెండో ఆల్బమ్‌ది. ఆ పిల్లకు కంపెనీ ఏదీ లేదట. పాట రాసేదీ తనే, పాడేదీ తనే, సీడీలు కవర్లలో పెట్టేదీ తనే. అట్ట మీద మా అమ్మాయి గుండ్రటి అక్షరాలు:

మొదటిసారి వింటే బోరు కొడుతుంది. అంట్లు తోముతూ రెండోసారి వినండి. మూడోసారికీ నచ్చకపోతే కౌంటర్ దగ్గరికి వచ్చి నాతో పోట్లాడండి. మినోరి.

చదవడం కష్టమైన అక్షరాల పైన, ఎలా పలకాలో తెలిసేలా చిన్నగా తేలిక అక్షరాలు కూడా రాసింది. నాకోసమే రాసిందనుకున్నాను. అందరికోసమూ అలాగే రాసేది అన్నాడు కుసకబే. చెప్పకపోతే ఏం పోయింది ఆయనకు?

ఇది నాకిచ్చేయండి అన్నాను. సీడీ షెల్ఫులో ఉన్నంతకాలం అట్ట తీయకూడదు అమ్మగారూ, అది మినోరి పెట్టిన రూలే అన్నాడు. ఒకసారి దుమ్ము దులపడానికి తీసి మర్చిపోతే రోజంతా తనతో మాట్లాడలేదట.

నా కూతురి రూలు తెచ్చి నాకే చెబుతున్నాడు.

మే 28

అరవై దాటిన మగవాడికి ఆ పిలక ఏమిటి?

జూన్ 2

ఆకుకూర కూరి ఓయాకీ రొట్టెలు కాల్చి పట్టుకెళ్ళాను. తిన్నాడు. బాగున్నాయన్నాడు. అట్ట మాత్రం ఇవ్వలేదు.

నెమ్మదిగానే చెప్పాను. ఆగస్టు పదమూడున పిల్ల ఇంటికి వస్తుంది. పోయినవాళ్ళు ఇంటికొచ్చే ఓబోన్ పండుగ, దానికి ఇదే మొదటిది. పీఠం మీద ఫోటో తప్ప ఏమీ లేదు. ఈ కాలం పిల్లలవన్నీ ఫోనులోనే. ఇల్లంతా వెతికితే చేతిరాత అంటూ దొరికింది కరెంటు బిల్లు మీద ఒక టిక్కు. టిక్కు పెట్టుకుని దండం పెట్టమంటారా అన్నాను.

కలర్ జిరాక్స్ తీసిస్తానన్నాడు. మంచి మందం కాగితం మీద. జిరాక్స్! పెన్ను నొక్కిన చోట అట్ట వెనక గరుగ్గా తగులుతుంది. జిరాక్సులో అది వస్తుందా?

చివరికి దిగొచ్చాడు. ఈ కాస్త స్టాకు అమ్ముడైతే అట్ట మీదే, మాట ఇస్తున్నాను అన్నాడు. అయితే అన్నీ నేనే కొంటానన్నాను. అమ్మనన్నాడు. మీ అల్మరాలో పడి ఉండడానికా ఆ పిల్ల పాడింది అన్నాడు. ఒక్కటి అమ్మి, ముందు వినండి అమ్మగారూ అని తలుపు దాకా సాగనంపాడు.

జూన్ 3

చచ్చాక కూడా నా కూతురి చేత పని చేయిస్తున్నాడు. జీతం లేకుండా.

జూన్ 6

సీడీ కొనుక్కురమ్మని ఇసోబేను పంపించాను. నాతోపాటు డ్రైక్లీనింగ్ షాపులో పని చేస్తుంది, నాకన్నా పెద్దది. ఉరబే సయో, రెండోది, నీలం కవరు అని బస్సెక్కేదాకా చెప్పాను. మొదటి ఆల్బమ్ పట్టుకొచ్చింది. ఎందుకే అంటే, దీని మీద బొమ్మ బాగుందే తోమోయే, ఆ నీలం దాని మీద ఉత్త గోడ ఉంది, గోడ కోసం ఎవరు కొంటారు అంది. పైగా తోమోయే పంపింది అని కుసకబేతో చెప్పి మరీ వచ్చింది.

జూన్ 9

విన్నాను. సీడీ పెట్టుకోవడానికి ఇంట్లో ఏమీ లేదు. షాపులో ఇస్త్రీ బల్ల దగ్గర ఉన్న పాత రేడియోలో పెట్టాను.

జలుబు చేసినట్టు పాడుతుంది. ఒక పాట నిండా ఫ్రిజ్ చప్పుడు గురించే. ఒక పాటలో బస్సు కోసం నిలబడి ఉంటుంది. పాట అయిపోతుంది, బస్సు రాదు. పిల్లికి పంటి నొప్పి వచ్చినట్టుందే, ఆపవే బాబూ అని ఇసోబే ఇస్త్రీ పెట్టె పట్టుకునే అరిచింది.

ఆపలేదు. నచ్చి కాదు. డబ్బు పెట్టాను కదా.

జూన్ 11

రేడియో ఇంటికి తెచ్చుకున్నాను. అంట్లు తోముతూ విన్నాను. నీళ్ళ చప్పుడుకు సగం వినబడలేదు. వినబడని సగం బాగుంది.

జూన్ 14

మూడోసారీ నచ్చలేదు. పోట్లాడడానికి వెళ్ళాను.

రాస్తుంటే నాకే సిగ్గుగా ఉంది. అట్ట మీద రాసింది కదా అని నిజంగానే బస్సెక్కి వెళ్ళాను. కౌంటర్ వెనక ఎవరూ లేరు. కుసకబే వెనక గదిలో టీ పెట్టుకుంటున్నాడు. నేను అక్కడే నిలబడ్డాను. ఎంతసేపో తెలియదు. ఆయన వచ్చి ఏం కావాలి అమ్మగారూ అన్నాడు.

నచ్చలేదు అన్నాను. ఏం నచ్చలేదు అన్నాడు. ఇంక చూడాలి. అన్నీ చెప్పాను. ఆ బస్సు ఎందుకు రాదు, రాని బస్సు మీద పాటెందుకు, నడిచి పోవచ్చు కదా, ఆరో పాటలో ఆ డప్పు ఏమిటి, పక్కింట్లో మేకులు కొట్టినట్టు. ఆయన టీ చల్లారిపోయింది. అడ్డు చెప్పలేదు. అంతా అయ్యాక, మినోరికీ ఆరో పాట పడదు, అది వచ్చేసరికి గబగబా వెళ్ళి మార్చేసేది అన్నాడు.

నాకు తెలియదు ఆ సంగతి.

బస్సులో ఏడుపొచ్చింది. కోపంతో.

జూన్ 20

ఎవరూ సీడీలు కొనరు. ఫోనులో వస్తుంది కదా అంటారు. అయితే ఒక ఉపాయం తట్టింది. పాత కార్లలో సీడీ పెట్టుకునే చోటుంటుంది. బట్టలు ఇవ్వడానికి వచ్చినవాళ్ళందరినీ అడగడం మొదలుపెట్టాను. మీ కారు పాతదేనా అని.

జనానికి కోపాలు వస్తున్నాయి. ఒకావిడ, మాది పోయినేడు కొన్న బండి అంటూ కోటు లాక్కుని వెళ్ళిపోయింది. ఇసోబే నవ్వలేక చచ్చింది. ఇంకాస్త అడుగవే, షాపు మూసుకుని ఇంటికి పోదాం అంది.

టాక్సీ నడిపే ఒగత మాత్రం కొన్నాడు. తెల్ల గ్లౌజులు ఉతుక్కి ఇవ్వడానికి వస్తాడు వారం వారం. ఎలా ఉంటుంది అక్కా అంటే ఏం చెప్పాలో తెలియలేదు. మొదట బోరు కొడుతుంది అన్నాను. ఇదేం అమ్మకం అక్కా, బేరం చెడగొడుతున్నావా కుదురుస్తున్నావా అన్నాడు. కానీ వెళ్ళి కొన్నాడు. బోరు అని చెప్పి అమ్మేవాళ్ళను ఇప్పటిదాకా చూడలేదట.

జూలై 1

ఒగత పోట్లాటకు వచ్చాడు. గ్లౌజులు కౌంటర్ మీద కొట్టి మరీ. ఆ బస్సు పాట టాక్సీలో పెట్టాను, వెనక సీట్లో ఆవిడ ఇంటి ముందుకొచ్చినా దిగనంది, పాట అయ్యేదాకా తిప్పమంది, సందులన్నీ తిప్పాను అక్కా అన్నాడు. మీటరు తిరిగింది కదా, నీకేం నొప్పి అన్నాను. అది కాదక్కా, అసలు మంచి పాట అది కాదు, ఫ్రిజ్ పాట, ఆవిడ దాన్ని వదిలేసి దీన్ని పట్టుకుంది అన్నాడు.

ఫ్రిజ్ పాటకు ఏముంది, ఇంట్లో ఒంటరిగా ఉన్నవాళ్ళకు తప్ప ఎవరికి అర్థమవుతుంది, బస్సు పాటే పాట అన్నాను నేను.

నేనే అన్నాను. ఏమైంది నాకు?

జూలై 12

స్టాకు ఎంత మిగిలిందో చూద్దామని వెళ్ళాను. శనివారం. శనివారం శనివారం అక్కడ నిలబడి వాదించుకునే ఒక గుంపు ఉంది. అందరూ నలభై దాటినవాళ్ళే, ఒక్కడికీ ఇంట్లో పని లేనట్టుంది. ఉరబే సయోను వినాలంటే మొదటి ఆల్బమ్ నుంచి మొదలుపెట్టాలని ఒకాయన. మూడోదాంట్లో గొంతు నిలిచిందని ఇంకొకాయన. తాడు తెగేలా లాగుతున్నారు.

నాకు ఒళ్ళు మండింది. రెండోది చేత పెట్టకుండా మొదటిది ఇస్తే ఎవడైనా రెండోది కొంటాడా అన్నాను. మొదటిదాంట్లో అన్నీ అమ్మాయి ఏడుపులే. రెండోదాంట్లో ఏడ్చి లేచి గిన్నెలు కడుగుతుంది. అది విన్నాక వెనక్కి వెళ్ళి మొదటిది వినాలి, అప్పుడు ఎందుకేడ్చిందో తెలుస్తుంది అన్నాను.

మొదటాయన కుసకబే వైపు చూసి, మినోరి అన్నదీ అదే కదా అన్నాడు.

అట్ట పక్కన ఇంకో రెండు సీడీలే ఉన్నాయి. చాలా సంతోషించాను. ఇంటికి వస్తూ పీఠానికి కొత్త గుడ్డ కొన్నాను.

జూలై 26

ఈ మనిషిని ఏం చేయాలి.

అట్ట తెచ్చుకుందామని సంచీ, దాన్ని చుట్టడానికి మెత్తటి గుడ్డ పట్టుకుని వెళ్ళాను. షెల్ఫు నిండా నీలం సీడీలు! కుసకబే మొహం వెలిగిపోతోంది. బాగా కదులుతోంది అమ్మగారూ, డ్రైక్లీనింగ్ ఆవిడ చెప్పిన సీడీ ఉందా అని రోజూ ఎవరో ఒకరు వస్తున్నారు, సయోకు ఫోన్ చేస్తే పెట్టె నిండా పంపింది, ఇన్నేళ్ళలో ఇంత ఎప్పుడూ పోలేదట అన్నాడు.

నా నోటితో నేనే చెడగొట్టుకున్నాను.

అరిచాను. షాపంతా వినబడేలా అరిచాను. మాట తప్పిన మనిషివి, దొంగవి, నీ షాపుకు నా పిల్ల కావాలి, నాకు మాత్రం అక్కర్లేదా అన్నాను. శనివారం గుంపు గోడకు అంటుకుపోయింది. నాకు మాట గుర్తుంది అమ్మగారూ, కానీ అడుగుతున్నవాళ్ళకు లేదని ఎలా చెప్పను అన్నాడు. ఆయన కళ్ళూ ఎర్రబడ్డాయి. పడనీ.

జూలై 27

తలనొప్పి. ఏమీ వండలేదు.

జూలై 29

కుసకబే మా షాపుకు వచ్చాడు. వరసలో నిలబడ్డాడు, ముందు ఇద్దరు ఉంటే. తన వంతు వచ్చాక కౌంటర్ మీద అట్ట పెట్టాడు, రెండు చేతులతో. తల బల్లకు తగిలేంత వంగాడు. తీసుకెళ్ళండి, స్టాకు సంగతి నేను చూసుకుంటాను అన్నాడు.

ఇసోబే తొంగి చూసి, దీన్ని డ్రైక్లీనింగా, ఉత్త ఇస్త్రీనా అంది. దాన్ని చంపేయాలి. కుసకబే నవ్వాడు. నేనూ నవ్వాననుకుంటా.

అట్ట ఇంటికి వచ్చింది. పీఠం మీద ఫోటోకు ఆనించాను.

ఆగస్టు 5

మూడు రోజులుగా మా షాపుకు బట్టలు తెచ్చేవాళ్ళది ఇదే గోల. వెళ్ళాం, ఆ సీడీ ఎక్కడుందో కనబడలేదు, వచ్చేశాం అంటున్నారు. కుసకబేను అడగొచ్చు కదా అంటే, ఆ పిలక పెద్దాయనను చూస్తే భయం అంటున్నారు.

ఆగస్టు 7

చూద్దామని వెళ్ళాను. అట్ట లేకపోయేసరికి ఆ షెల్ఫు దగ్గర ఎవరూ ఆగడం లేదు. నా ముందే ఇద్దరు నడిచి వెళ్ళిపోయారు. కుసకబే తనే ఒక అట్ట రాసి పెట్టాడు. మంచి ఆల్బమ్, అని. అంతే. ఇన్నేళ్ళు షాపు నడిపి రాసింది అది. శనివారం గుంపు దాన్ని చూసి నవ్వుతోందట. నేనూ తిట్టాను. మంచిదో కాదో వినేవాళ్ళు చెప్పుకుంటారు, ఎలా వినాలో చెప్పండి అన్నాను. అది నాకు రాదు అమ్మగారూ, అందుకే కదా మినోరిని పెట్టుకున్నాను అన్నాడు.

ఆగస్టు 13, సాయంత్రం

గుమ్మం ముందు తెల్ల బెరడు కాల్చి పిల్లను లోపలికి పిలిచాను. పిల్ల ఎక్కి వెనక్కి వెళ్ళడానికి పుల్లల కాళ్ళు గుచ్చి చేసిన వంకాయ ఎద్దు నిలబడనంటుంది, ఎన్నిసార్లు పుల్లలు మార్చినా పక్కకు ఒరుగుతోంది. పుచ్చకాయ కోశాను. ఆరో పాట మార్చేసి మిగతావన్నీ పెట్టాను.

అట్ట పక్కనే ఉంది. వేలితో వెనక తడిమాను. నాకు కావలసింది ఇదే. ఇంట్లో ఉంది. నాది.

ఆగస్టు 14

ధూపం వేయడానికి ఇసోబే, ఒగత వచ్చారు. ఫోటోకు దండం పెట్టి, అట్ట చదివి, ఇద్దరూ పకపకా నవ్వారు. నాతో పోట్లాడండి అందా, మీ అమ్మే పోట్లాడిందమ్మా అని ఒగత ఫోటోతో చెప్పాడు. ఇద్దరూ వెళ్ళిపోయాక మళ్ళీ ఎవరూ చదవలేదు. నేనే చదివాను. నాకు నోటికి వచ్చేసింది. నోటికి వచ్చినవాళ్ళకు ఎందుకు ఆ అట్ట?

ఆగస్టు 15

వద్దు. ఇవ్వను.

ఆగస్టు 16, సాయంత్రం

వీధంతా మంటలు వేసి తమ వాళ్ళను సాగనంపుతున్నారు. నేను వేయలేదు. అట్టను గుడ్డలో చుట్టి, బస్సులో కిటికీ వైపు కూర్చోబెట్టి, షాపులో దింపాను. కుసకబే తన అట్ట తీసేశాడు.

వచ్చే ఏడు ఆగస్టు పదమూడున పొద్దున్నే వస్తాను, తయారుగా ఉండు అన్నాను. అట్టతో అన్నాను. తనతో అనుకుని కుసకబే సరేనన్నాడు.